'హార్స్ ఫెదర్స్' (1932): తరచుగా అడిగే ప్రశ్నలు

మార్క్స్ సోదరులు నటించిన ఈ ఫుట్‌బాల్ హాస్యచిత్రం గురించి ఎక్కడ మాట వచ్చినా దాదాపు అవే సందేహాలు మళ్లీ మళ్లీ ఎదురవుతున్నాయి. వాటిని ఒకచోట చేర్చి, సినిమా చూడకముందు, చూస్తున్నప్పుడు, చూశాక కలిగే ప్రశ్నలుగా విడదీసి సమాధానాలు రాశాను. ఏ సమాధానానికి ఆ సమాధానం విడిగా చదువుకోవచ్చు.

## చూడబోయే ముందు

'హార్స్ ఫెదర్స్' అంటే ఏమిటి? గుర్రానికి ఈకలెక్కడివి?

గుర్రానికి ఈకలుండవు, పేరులోని చమత్కారం అదే. 1920లలో అమెరికన్ వాడుకలోకి వచ్చిన ఈ మాటకు 'ఒట్టి అర్థంలేని వాగుడు' అని అర్థం. మనం 'కుందేటి కొమ్ము', 'గాడిద గుడ్డు' అంటామే, సరిగ్గా ఆ కోవకు చెందిన మాట. సినిమాలో గుర్రం కనిపిస్తుంది కానీ పేరుకూ దానికీ సంబంధం లేదు.

కథ క్లుప్తంగా చెప్పగలరా?

హక్స్‌లీ అనే కాలేజీ 1888 తర్వాత ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా గెలవలేదు. ఆ ఏడాది నుంచి ఏటేటా అధ్యక్షుడు మారిపోతూనే ఉన్నాడు. ఈసారి ఆ పదవికి ప్రొఫెసర్ క్విన్సీ ఆడమ్స్ వాగ్‌స్టాఫ్ (గ్రౌచో) వస్తాడు. అదే కాలేజీలో పన్నెండేళ్లుగా చదువుతున్న అతని కొడుకు ఫ్రాంక్ (జెప్పో), ఇద్దరు వృత్తి ఆటగాళ్లు ఒక చాటుమాటు సారా దుకాణంలో దొరుకుతారని, వాళ్లను జట్టులోకి తెచ్చుకుంటే డార్విన్ కాలేజీని ఓడించవచ్చని తండ్రికి సలహా ఇస్తాడు. తండ్రి అక్కడికి వెళ్లి, ఆటగాళ్లనుకుని ఐసు మోస్తూ దొంగసారా అమ్మే బారవెల్లీ (చికో)నీ, వీధికుక్కలు పట్టే పింకీ (హార్పో)నీ తీసుకొస్తాడు. అసలు ఆటగాళ్లిద్దరినీ డార్విన్ పక్షానికి చెందిన జెన్నింగ్స్ అప్పటికే కొనేసి ఉంటాడు. ఆ ఇద్దరినీ ఎత్తుకురమ్మని పంపితే, వెళ్లిన చికో, హార్పోలే అక్కడ బందీలవుతారు. మిగిలినది మ్యాచ్. అరవై ఎనిమిది నిమిషాల్లో అంతా అయిపోతుంది.

మార్క్స్ సోదరులు నిజంగా అన్నదమ్ములేనా?

సొంత అన్నదమ్ములే. న్యూయార్క్‌లో స్థిరపడిన యూదు వలస కుటుంబంలో పుట్టారు. తల్లి మిన్నీ పట్టుదలతో చిన్నతనం నుంచే రంగస్థలం మీదికి వచ్చి, ఊరూరా తిరుగుతూ పాటలూ హాస్యమూ కలిపిన ప్రదర్శనలిచ్చారు. చికో 1887లో, హార్పో 1888లో, గ్రౌచో 1890లో, జెప్పో 1901లో పుట్టారు. గమ్మో అనే మరో సోదరుడు సినిమాలకు ముందే బృందం నుంచి తప్పుకున్నాడు. ఈ లెక్కన సినిమాలో తండ్రీకొడుకులుగా నటించిన గ్రౌచో, జెప్పోల మధ్య ఉన్నది పదేళ్ల తేడా మాత్రమే. కాలేజీ జట్టులో ఆడే కుర్రాళ్లుగా కనిపించిన చికో, హార్పోలు అప్పటికి నలభై దాటినవాళ్లు. ఆ అసంగతాన్ని సినిమా ఎక్కడా దాచదు.

ఫుట్‌బాల్ సినిమా అన్నారు, మరి బంతిని చేత్తో పట్టుకుని పరిగెడతారేమిటి? ఆట తెలియకపోతే అర్థమవుతుందా?

ఇది మనం ఫుట్‌బాల్ అని పిలిచే ఆట కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. కోలగా ఉండే బంతిని పట్టుకుని పరిగెత్తవచ్చు, విసరవచ్చు, తన్నవచ్చు. జట్టుకు పదకొండు మంది. బంతి చేతికొచ్చిన జట్టుకు నాలుగు ప్రయత్నాలుంటాయి. వాటిలో కనీసం పది గజాలు ముందుకు పోగలిగితే మరో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. ఇలా జరుపుకుంటూ బంతిని అవతలి చివరి గీత దాటిస్తే అది 'టచ్‌డౌన్', ఆరు పాయింట్లు. బంతి పట్టుకున్నవాడిని అవతలివాళ్లు పడగొట్టి ఆపుతారు. కూతకొచ్చినవాడిని కబడ్డీలో మూకుమ్మడిగా పట్టేయడం చూసినవారికి ఈ పట్టుల కసి కొత్తగా అనిపించదు.

తెలిసి ఉండాల్సిన విషయం మరొకటుంది. ఈసారి బంతి ఎవరి చేతికి పోతుందో, ఎటువైపు పోతుందో తమ జట్టుకు మాత్రమే అర్థమయ్యేలా సంకేతభాషలో అరిచి చెప్పడం ఆ కాలపు ఆటలో మామూలు. ఆ సంకేతాలు అవతలివారికి దొరికితే ఆట చేజారినట్లే కనుక, వాటిని కాజేయడానికి జెన్నింగ్స్ పడే తాపత్రయమే కథకు ఆయువుపట్టు.

టాకీలు కొత్తగా వచ్చిన రోజుల సినిమా కదా, మాటలు సరిగా వినిపిస్తాయా?

వినిపిస్తాయి. టాకీలు మొదలైన తొలి రెండు మూడేళ్లలో కెమెరా చప్పుడు రికార్డు కాకుండా దానిని గాలి చొరని గదిలాంటి పెట్టెలో బంధించేవారు. మైకు కదిలేది కాదు, నటులు దాని చుట్టూ నిలబడి మాట్లాడేవారు. మార్క్స్ సోదరుల తొలి చిత్రం 'ది కోకోనట్స్' (1929)లో కాగితం గరగరలాడకుండా మ్యాపును నీళ్లలో తడిపి వాడవలసి వచ్చింది. 1932 నాటికి పరిస్థితి మారిపోయింది. కెమెరా మళ్లీ బయటికొచ్చింది, పడవ మీదికీ మైదానంలోకీ నడిచింది. వాళ్ల తొలి రెండు సినిమాలు నాటకాన్ని ఎదురుగా కూర్చుని చూస్తున్నట్లుంటే, ఇది సినిమాలా సాగడానికి ఇదొక ముఖ్య కారణం.

కాలం అంచనాకు ఒక మాట: తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలైనది కూడా 1932లోనే. అది సురభి వారి నాటకం నుంచి తెరకెక్కింది. అమెరికాలోనూ తొలినాటి టాకీలకు మాటనూ పాటనూ అందించినది రంగస్థలమే, మార్క్స్ సోదరులు వచ్చినది అక్కడి నుంచే.

వీళ్ల సినిమా ఇంతవరకు ఒక్కటీ చూడలేదు. దీనితో మొదలుపెట్టవచ్చా?

నిస్సంకోచంగా మొదలుపెట్టవచ్చు. 'డక్ సూప్' (1933) ఇంతకంటే గొప్ప సినిమా అని చాలామంది అంటారు, నేనూ కాదనను. కానీ మొదటిసారి చూసేవారికి ఇందులోని కాలేజీ వాతావరణం వెంటనే పరిచయమనిపిస్తుంది. నలుగురిలో ఎవరి తీరు ఏమిటో మొదటి ఇరవై నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

పిల్లలతో కలిసి చూడవచ్చా?

పదేళ్లు దాటిన పిల్లలతో చూడవచ్చు. హార్పో చేష్టలకూ చివరి మ్యాచ్‌కూ వాళ్లు మనకంటే ముందే నవ్వుతారు. అయితే ఆడవాళ్ల వెంటపడటాన్ని హాస్యంగా చూపించే ఘట్టాలు ఇందులో చాలా ఉన్నాయి. కాలం చెల్లిన భాగం ఏదైనా ఉంటే ఇదే, దీన్ని సమర్థించవలసిన పని లేదు. ద్వంద్వార్థాల మాటలు ఉన్నా అవి పిల్లలకు అందే వేగంలో ఉండవు.

## చూస్తున్నప్పుడు

కాలేజీలకు హక్స్‌లీ, డార్విన్ అని పేర్లెందుకు?

పరిణామవాదాన్ని ప్రతిపాదించిన చార్లెస్ డార్విన్ తరఫున బహిరంగంగా వాదించి, 'డార్విన్ బుల్‌డాగ్' అని పేరుపడిన శాస్త్రవేత్త థామస్ హెన్రీ హక్స్‌లీ. చరిత్రలో ఒకే పక్షాన నిలబడిన ఇద్దరినీ సినిమా బద్ధశత్రువులను చేసింది. పరిణామవాదం బోధించినందుకు టెనెసీ రాష్ట్రంలో ఒక ఉపాధ్యాయుడిపై 1925లో జరిగిన విచారణ దేశమంతా మార్మోగిన రోజులవి. ఆ పేర్లు చెవిన పడగానే అప్పటి ప్రేక్షకులకు చమత్కారం అందేది.

కథానాయిక కాన్నీ బెయిలీని 'కాలేజీ విడో' అంటారు. ఆమె భర్త పోయిన మనిషా?

కాదు. కాలేజీ ఉన్న ఊళ్లో ఉంటూ, ఏటేటా వచ్చే కొత్త విద్యార్థులతో స్నేహం చేసి, చదువు ముగిసి వాళ్లు వెళ్లిపోగానే మళ్లీ ఒంటరిగా మిగిలే అమ్మాయిని ఆ కాలంలో అలా పిలిచేవారు. ఈ పేరుతోనే జార్జ్ ఏడ్ రాసిన నాటకం 1904లో వచ్చింది. కాలేజీ ఫుట్‌బాలూ, ఆటగాడిని వలలో వేసుకునే అమ్మాయీ కలిసిన కథలు అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. ఈ సినిమా ఆ మూసను తీసుకుని తలకిందులు చేసింది. థెల్మా టాడ్ పోషించిన కాన్నీని తండ్రీకొడుకులతో సహా నలుగురూ చుట్టుముడతారు. ఆమె ఎక్కడా తడబడకుండా నలుగురి వేగాన్నీ అందుకుంటుంది. ఆ నలుగురి మధ్య అంత నిబ్బరంగా నిలబడిన నటీమణులు అరుదు.

కొత్త అధ్యక్షుడు వస్తూనే 'అది ఏదైనా సరే, నేను దానికి వ్యతిరేకిని' అని పాట ఎందుకు పాడతాడు?

బెర్ట్ కాల్మర్, హ్యారీ రూబీ రాసి స్వరపరచిన ఈ పాటతోనే సినిమా తన తీరును ప్రకటించుకుంటుంది. పదవీ స్వీకార సభలో ధర్మకర్తల సూచనలు ఏమిటో వినకముందే వాటిని తిరస్కరిస్తున్నానని అతను చెబితే, గడ్డాలు పెంచిన పెద్ద పెద్ద ప్రొఫెసర్లు వరుసగా నిలబడి అతని వెనుక గెంతుతారు. అధికారం మారినప్పుడల్లా అంతకుముందున్నదంతా తప్పని కొత్తవాడు చెప్పడం, వెనుకనున్నవాళ్లు తల ఊపడం చూసిన వారెవరికీ ఈ పాటకు వ్యాఖ్యానం అక్కరలేదు. రాజకీయ వ్యాసాల్లో ఈ మాట ఈనాటికీ కనిపిస్తుంది.

'స్వోర్డ్‌ఫిష్' సన్నివేశం అంత పేరుపడటానికి కారణమేమిటి?

అమెరికాలో 1920 నుంచి 1933 డిసెంబరు దాకా మద్యనిషేధం ఉండేది. సారా దుకాణాలు తలుపు మూసుకుని రహస్యంగా నడిచేవి, గుర్తుమాట చెప్పినవారికే తలుపు తెరుచుకునేది. సినిమాలో తలుపుకు లోపల చికో, బయట గ్రౌచో. గుర్తుమాట ఒక చేప పేరు అని లోపలివాడే చెప్పేస్తాడు, మూడు అవకాశాలూ ఇస్తాడు, నోరుజారి 'స్వోర్డ్‌ఫిష్' అని జవాబు కూడా బయటపెడతాడు. గ్రౌచో లోపలికి వెళ్లాక చికో బయట పడిపోతాడు. ఇప్పుడు గుర్తుమాట అడిగేవాడు గ్రౌచో. ఆ మాట విసుగుపుట్టి మార్చేశానంటాడు, కొత్తది ఏమిటంటే మరిచిపోయానంటాడు, చివరికి తానూ బయటికి వచ్చేస్తాడు. ఇద్దరూ మూసిన తలుపు ముందు నిలబడతారు. అప్పుడు మాటలే రాని హార్పో వచ్చి, కోటు లోపలి నుంచి ఒక చేపను తీసి, దాని నోట్లో దూర్చిన కత్తిని చూపించి దర్జాగా లోపలికి నడుస్తాడు.

కాపలా పెట్టేది ఎందుకో కాపలాదారుకే తెలియకపోతే ఏమవుతుందో ఇంత తక్కువ సరంజామాతో చూపించిన సన్నివేశం నాకు మరొకటి తట్టదు. అందుకే 'స్వోర్డ్‌ఫిష్' అనే మాట తర్వాతి ఎన్నో సినిమాల్లో గుర్తుమాటగా తిరిగి వచ్చింది.

నాకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. జోకులన్నీ తలమీదుగా పోతాయా?

కొన్ని పోతాయి, దాన్ని ముందే ఒప్పుకోవాలి. చికో ఇటాలియన్ యాసతో ఒక మాటను మరో మాటగా విని సాగదీసే సంభాషణలు అనువాదానికి లొంగవు. పడవలోంచి నీళ్లలో పడిన కాన్నీ 'లైఫ్ సేవర్' విసరమని కేకపెడితే గ్రౌచో జేబులోంచి ఒక బిళ్ల తీసి విసురుతాడు. ప్రాణరక్షణ చక్రానికీ, నడుమ చిల్లుతో చక్రంలా ఉండే ఒక పిప్పరమెంటు బిళ్లకూ అక్కడ ఒకటే పేరని తెలిస్తే తప్ప అది అందదు.

కానీ తెలుగువారికి సులువుగా అందేవి కూడా ఉన్నాయి. పేకాడుతున్నవాళ్లలో ఒకడు పేక కోయమనగానే హార్పో గొడ్డలి తీసి పేకను రెండు ముక్కలు చేస్తాడు. మన భాషలోనూ పేకను కోయడమే కాబట్టి ఆ దెబ్బ సూటిగా తగులుతుంది. ఒప్పంద పత్రానికి సీలు లేదు, సీలు ఏదని గ్రౌచో అడిగితే హార్పో నిజంగానే సీల్ అనే సముద్రజంతువును మోసుకొస్తాడు. ఆ మాట మన వ్యవహారంలోనూ పాతుకుపోయినదే. కొవ్వొత్తిని రెండు వైపులా వెలిగించకూడదనే ఇంగ్లిష్ సామెతతో విద్యార్థులను మందలించబోతే, హార్పో రెండు కొసలా మండుతున్న కొవ్వొత్తిని కోటులోంచి తీసి చూపిస్తాడు. సామెత తెలియకపోయినా ఆ దృశ్యమే నవ్విస్తుంది.

హార్పో మూగవాడా?

కాదు, నిజజీవితంలో చక్కగా మాట్లాడేవాడు. నాటకాల రోజుల్లో మేనమామ అల్ షీన్ రాసిన ఒక ప్రదర్శనలో అతని వాటాకు మాటలు చాలా తక్కువ వచ్చాయి. అక్కడి నుంచి మూకాభినయమే అతని దారి అయింది. టాకీలు వచ్చి హాలీవుడ్ అంతా మాటల మోజులో ఉన్నప్పుడు, మాట్లాడని మనిషిని పట్టుదలగా తెరమీద నిలబెట్టడం సాహసమే. మూకీ హాస్యం అంతరించిపోయిందని అందరూ అనుకుంటున్న సమయంలో అది ఈ ఒక్కడి కోటు జేబుల్లో బతికి ఉంది. కాఫీకి డబ్బులివ్వమని దారినపోయేవాడు అడిగితే, అదే జేబులోంచి పొగలు కక్కుతున్న కాఫీ కప్పు తీసి అందిస్తాడు. జనం పూటగడవక వీధిన పడిన మాంద్యం రోజుల్లో తీసిన దృశ్యమని గుర్తుంచుకుని చూస్తే, నవ్వు వెనుక ఆర్ద్రత తెలుస్తుంది.

ఒకే పాట పదేపదే వినిపిస్తోంది. పొరపాటా?

కావాలనే చేశారు. 'ప్రతివాళ్లూ ఐ లవ్ యూ అంటారు' అనే భావంతో కాల్మర్, రూబీ రాసిన ప్రేమపాట అది. జెప్పో దానిని బుద్ధిగా పాడతాడు, చికో పియానో మీద పాడుతూ వాయిస్తాడు, హార్పో వీణలాంటి హార్ప్ మీద వినిపిస్తాడు, గ్రౌచో పడవలో గిటారు పట్టుకుని ప్రేమ మీదే నమ్మకం లేనట్లుగా పాడతాడు. ఒకే బాణీ నలుగురి చేతుల్లో నలుగురి స్వభావాన్నీ చెబుతుంది. వుడీ ఆలెన్ 1996లో తీసిన సినిమాకు ఈ పాట పేరే పెట్టుకున్నాడు.

చికో పియానో దగ్గర కూర్చోగానే గ్రౌచో కెమెరా వైపు తిరిగి, తనకు ఇక్కడ ఉండక తప్పదనీ, మీరు మాత్రం ఇది ముగిసేదాకా హాలు బయటికి వెళ్లి రావచ్చనీ ప్రేక్షకులతో అంటాడు. హాస్యచిత్రాల్లో పాటలు కథకు అడ్డమని గొణుక్కునే ప్రేక్షకుడి మనసులో మాట అది.

కాన్నీ గదిలో జరిగే సన్నివేశంలో బొమ్మ ఎగిరెగిరి పడుతోంది. నా కాపీ పాడైందా?

మీ కాపీలో లోపం లేదు. నలుగురూ ఒకరి తర్వాత ఒకరు కాన్నీ ఇంట్లోకి వచ్చే ఆ సన్నివేశంలో చాలాచోట్ల ఫిల్ము ముక్కలు పోయాయి. ప్రస్తుతం లభ్యమయ్యే అన్ని ప్రతుల్లోనూ ఆ కుదుపులు ఉంటాయి. 1934 నుంచి హాలీవుడ్‌లో నీతి నియమావళి కఠినంగా అమలు కావడంతో అంతకుముందు వచ్చిన అనేక చిత్రాలు మళ్లీ విడుదలయ్యేటప్పుడు కత్తెరకు గురయ్యాయి. శ్రద్ధగా పునరుద్ధరించిన ప్రతిలో కూడా ఈ సన్నివేశం పూర్తిగా తిరిగి రాలేదు. తలుపులు తెరుచుకోవడం, మూసుకోవడం మీదే లయ అంతా ఆధారపడిన సన్నివేశానికే ఈ గతి పట్టడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

చికో చాలా సన్నివేశాల్లో కూర్చునే ఉంటాడెందుకు?

చిత్రీకరణ సమయంలో జరిగిన కారు ప్రమాదంలో అతని మోకాలు, పక్కటెముకలు విరిగాయి. పని రెండు నెలలకు పైగా వెనకబడింది. ఆ తర్వాత వీలైనంతవరకు అతను కూర్చుని ఉండేలా సన్నివేశాలు మలిచారు. మ్యాచ్‌లో పరిగెత్తవలసిన కొన్ని చోట్ల అతని బదులు మరొకరు కనిపిస్తారు. ఆ మనిషి చికో కంటే పొడుగు కనుక జాగ్రత్తగా చూస్తే తెలిసిపోతుంది.

## చివరి మ్యాచ్ గురించి

చివరి మ్యాచ్‌ను అందరూ అంతగా పొగుడుతారెందుకు?

ఆటల సినిమాలకు ఒక స్థిరమైన నడక ఉంది: ఓడిపోతున్న జట్టు, చివరి నిమిషాలు, హఠాత్తుగా మలుపు, గెలుపు. హెరాల్డ్ లాయిడ్ నటించిన 'ది ఫ్రెష్‌మన్' (1925) అనే మూకీ చిత్రం ఈ నడకను కాలేజీ ఫుట్‌బాల్ హాస్యంలో స్థిరపరిచింది. అందులో నాయకుడు గెలవాలని మనం మనస్ఫూర్తిగా కోరుకుంటాం. 'హార్స్ ఫెదర్స్' అదే నడకను తీసుకుంటుంది కానీ, గెలుపు మీద పెట్టవలసిన గౌరవాన్ని మాత్రం పక్కన పెట్టేస్తుంది.

చికో అరిచి చెప్పే సంకేతాలు చిన్నపిల్లల ప్రాసపాటలా ఉంటాయి. బంతి ఎటు పోతుందో అందులోనే తేటతెల్లంగా చెప్పేస్తాడు, అయినా ఎవరికీ అనుమానం రాదు. కాలేజీ అధ్యక్షుడు చుట్ట తాగుతూ బయటి నుంచి మైదానంలోకి దూకి, గీత దాటబోతున్న ప్రత్యర్థిని స్వయంగా పడగొడతాడు. హార్పో రొట్టె మధ్యలో ప్రత్యర్థి వేలు పెట్టి సాసేజీలా కొరుకుతాడు. వెంటపడేవాళ్ల కాళ్ల కిందికి అరటితొక్కలు విసురుతూ పరిగెడతాడు. అరటితొక్క మీద జారడం అప్పటికే పాతబడిన హాస్యం. దానిని పొరపాటున జరిగిన ప్రమాదంగా కాక, ఆట వ్యూహంగా వాడుకోవడమే ఇక్కడి కొత్తదనం.

మరో విశేషం ఉంది. అంతసేపూ మాటలతో పరిగెత్తిన టాకీ, మైదానంలోకి రాగానే మూకీ హాస్యం వైపు మళ్లుతుంది. కానీ జనం కేకలు, చికో అరుపులు, గ్రౌచో వ్యాఖ్యలు వదలవు. మాటల హాస్యమూ చేష్టల హాస్యమూ ఒకదాన్నొకటి తొక్కుకోకుండా సాగిన ఆ పది నిమిషాలు తొలి టాకీ యుగం సాధించిన గొప్ప విషయాల్లో ఒకటని నా నమ్మకం.

చెత్తబండి మీద పరుగు దేనిని గుర్తుచేస్తుంది?

'బెన్‌హర్' అనే మూకీ చిత్రం (1925)లోని రథాల పందేన్ని. గుర్రం లాగే చెత్తబండిని రథంలా నిలబడి తోలుకుంటూ హార్పో, చికో మైదానానికి వస్తారు, చివరికి బండితో సహా గీత దాటతారు. హార్పో అక్కడితో ఆగకుండా ఇంకా బంతులు తీసి గీతకు అవతల పెడుతూ స్కోరు పెంచుతూ పోతాడు. నలుగురు సోదరులూ ఈ బండిలో నిలబడిన బొమ్మనే టైమ్ పత్రిక 1932 ఆగస్టు 15 సంచికకు ముఖచిత్రంగా వేసింది.

డార్విన్ జట్టుకు ఆడే ఆ బలశాలులు నిజమైన ఆటగాళ్లేనా?

ఇద్దరూ క్రీడారంగం నుంచి వచ్చినవాళ్లే. నాట్ పెండిల్టన్ 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో కుస్తీలో అమెరికాకు రజత పతకం తెచ్చాడు. జేమ్స్ పియర్స్ ఇండియానా విశ్వవిద్యాలయం తరఫున ఫుట్‌బాల్ ఆడి, 1927 నాటి ఒక మూకీ చిత్రంలో టార్జాన్‌గా నటించాడు. వాళ్ల శరీరాల్లోని నిజమైన బలం పక్కన నిలబడినప్పుడే హార్పో అల్లరికి అర్థం వస్తుంది.

చదువుకోని వృత్తి ఆటగాళ్లను కాలేజీలు డబ్బిచ్చి తెచ్చుకోవడం నిజంగా జరిగేదా?

జరిగేది. 1920లలో కాలేజీ ఫుట్‌బాల్ పెద్ద వ్యాపారంగా ఎదిగి, వేలమంది పట్టే స్టేడియాలు వెలిశాయి. కార్నెగీ ఫౌండేషన్ దేశమంతటా కాలేజీలను పరిశీలించి 1929లో ఒక నివేదిక ప్రచురించింది. ఆటగాళ్లకు రకరకాల దారుల్లో డబ్బు ముట్టజెప్పడం, వాళ్లకోసం వేటాడటం విస్తృతంగా సాగుతోందని అది బయటపెట్టింది. మూడేళ్ల తర్వాత వచ్చిన ఈ సినిమా చూసినవారికి గ్రౌచో సారా దుకాణంలో ఆటగాళ్ల కోసం వెతకడం అతిశయోక్తే అయినా, గాలిలోంచి పుట్టిన కల్పన మాత్రం కాదు.

ముగ్గురూ ఒకే అమ్మాయిని పెళ్లాడటమేమిటి?

సినిమా చివరన గ్రౌచో, చికో, హార్పో ముగ్గురూ పెళ్లికొడుకులుగా కాన్నీ పక్కన నిలబడి, ప్రమాణాలు కాగానే ముగ్గురూ ఒక్కసారిగా ఆమె మీదికి ఉరుకుతారు. అంతే, సినిమా అయిపోతుంది. ప్రేమకథ పెళ్లితో ముగియాలనే ఆనవాయితీని తీర్చినట్లే తీర్చి, దాన్ని కూడా మ్యాచ్‌లాగే చెదరగొట్టారు. ఆమెను మొదటినుంచి ప్రేమించిన జెప్పోకే చోటు లేకపోవడం గమనించండి.

## చూశాక

కథ అతకలేదు, మధ్యలో నాకు విసుగు పుట్టింది. నేను తప్పుగా చూశానా?

తప్పేమీ లేదు. ఇందులో కథ ఒక దండెం మాత్రమే, సన్నివేశాలు దాని మీద ఆరేసిన బట్టలు. తరగతి గది సన్నివేశం మూలాలు ఈ సోదరులు 1910 ప్రాంతం నుంచి ప్రదర్శించిన బడి ప్రహసనంలో ఉన్నాయి. శరీరశాస్త్ర పాఠం కాస్తా గొట్టాలతో బఠానీలు ఊదుకునే యుద్ధంగా ముగియడం ఆ రంగస్థల వాసనే. ఒక్కో సన్నివేశాన్ని విడిగా, రోజుకొకటిగా చూడండి. నా అనుభవంలో అలా చూసినవారికే సినిమా బాగా పట్టుబడింది.

దీన్ని రాసినదెవరు, తీసినదెవరు?

దర్శకుడు నార్మన్ జెడ్. మెక్‌క్లౌడ్. అంతకుముందు ఏడాది ఇదే బృందంతో 'మంకీ బిజినెస్' తీశాడు. రచన బెర్ట్ కాల్మర్, హ్యారీ రూబీ, ఎస్.జె. పెరెల్మన్, విల్ బి. జాన్‌స్టోన్‌లది. నిర్మాణం పారామౌంట్. పెరెల్మన్ తర్వాత 'అరౌండ్ ద వరల్డ్ ఇన్ ఎయిటీ డేస్' (1956) రచనకు ఆస్కార్ పంచుకున్నాడు. మాటను మెలితిప్పి దాని అర్థం మీదికే ఉసిగొల్పే పద్ధతిలో అతని చెయ్యి ఇక్కడ కనిపిస్తుంది.

ఇన్నేళ్ల తర్వాత కూడా జనం దీన్ని ఎందుకు చూస్తున్నారు?

అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2000లో ఎంపిక చేసిన వంద హాస్యచిత్రాల్లో దీనికి 65వ స్థానం దక్కింది. కానీ జాబితాలు కారణాన్ని చెప్పవు.

నా మట్టుకు కారణం ఒక చిన్న సంభాషణలో ఉంది. మనకు స్టేడియం ఉందా, కాలేజీ ఉందా అని గ్రౌచో ప్రొఫెసర్లను అడుగుతాడు. రెండూ ఉన్నాయని వాళ్లు చెబితే, రెండింటినీ పోషించే స్తోమత మనకు లేదు కనుక రేపటి నుంచి కాలేజీని కూలగొట్టడం మొదలుపెడదామంటాడు. మరి విద్యార్థులు ఎక్కడ పడుకుంటారని వాళ్లు ఆందోళన పడితే, ఎప్పుడూ పడుకునే చోటే, తరగతి గదిలో అంటాడు. చదువు చెప్పవలసిన చోట ఆట పేరుతో వచ్చే కీర్తి ముఖ్యమైపోవడాన్ని ఈ నాలుగు మాటలు పట్టుకున్నంత గట్టిగా పెద్ద పెద్ద నివేదికలు పట్టుకోలేకపోయాయి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతం తీసుకునేవారిలో అందరికంటే ఎక్కువ అందుకునేది విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ లేదా బాస్కెట్‌బాల్ శిక్షకుడేనని తెలిసినవారికి, గ్రౌచో ప్రశ్న 1932 దగ్గర ఆగిపోయినదిగా తోచదు. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు శనివారం మ్యాచ్ రోజున ఊరు ఊరంతా స్టేడియం వైపు కదిలిపోవడాన్ని కళ్లారా చూస్తూనే ఉన్నారు.

రెండో కారణం, సినిమా ఎవరికీ నీతి చెప్పదు. వ్యవస్థను సంస్కరించే నాయకుడు ఇందులో లేడు. గ్రౌచో మోసాన్ని చూసి కోప్పడడు, ఇంకా బాగా మోసం చేయడానికి ప్రయత్నిస్తాడు, అదీ చేతకాక తప్పు మనుషులను తెస్తాడు. ఎగతాళి చేసేవాడు తానూ ఎగతాళిలో భాగమైనందువల్లే తొంభై ఏళ్ల తర్వాత కూడా అది పాతబడిన ఉపన్యాసంలా అనిపించదు.

థెల్మా టాడ్‌కూ, జెప్పోకూ తర్వాత ఏమైంది?

థెల్మా టాడ్ 1935 డిసెంబరులో, ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, గ్యారేజీలోని కారులో విషవాయువు వల్ల చనిపోయింది. పసందైన హాస్యనటి అంత తొందరగా వెళ్లిపోవడం హాలీవుడ్ హాస్యానికి తీరని నష్టం. జెప్పో ఈ సినిమాకు మరుసటి ఏడాది వచ్చిన 'డక్ సూప్' (1933) తర్వాత నటన మానేశాడు. మిగిలిన ముగ్గురూ మరో సంస్థకు మారి 'ఎ నైట్ ఎట్ ది ఒపెరా' (1935) చేశారు.

ఏ ప్రతి చూడటం మంచిది? ఉచితంగా పంచుకోవచ్చా?

పారామౌంట్ పాత చిత్రాల హక్కులు 1958లో ఎం.సి.ఎ. సంస్థకు, దాని ద్వారా యూనివర్సల్‌కు చేరాయి. యూనివర్సల్ 2016లో మార్క్స్ సోదరుల ఐదు పారామౌంట్ చిత్రాలను శుభ్రపరిచి బ్లూ-రే సంపుటంగా విడుదల చేసింది. బొమ్మా ధ్వనీ అందులో బాగున్నాయి. అమెరికా చట్టం ప్రకారం 1932 నాటి చిత్రాల కాపీరైట్ 2027 చివరితో ముగుస్తుంది కనుక, 2028 జనవరి 1 నుంచి అక్కడ ఇది అందరి సొత్తు అవుతుంది. అప్పటివరకు అనుమతి లేని ప్రతులను పంచుకోకండి. చూసేటప్పుడు ఇంగ్లిష్ ఉపశీర్షికలు పెట్టుకోండి, గ్రౌచో వేగానికి అవి చాలా అవసరం.